72 ఋతువులు
(ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు మాకు ఇచ్చిన అంశము "మన సంస్కృతిని నిలుపుకొనుట ఎట్లు?" అన్నది. ఈ అంశము మీద ప్రతి యేడు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మేము కూడ రెండు పర్యాయములు మాట్లాడినాము. అందుచేత ఈసారి వేరొక దారిన పోదలచినాము. మెటాలికా అనే రాక్ బ్యాండును గురించి, దాని అభిమానుల తగవును గురించి చెబుతాము. వెనుక వరుసలలో కొందరు తలలెత్తినారు, సంతోషము. ముందు వరుసలలోని పెద్దలు కొంచెము ఓపిక పట్టవలెనని మనవి.

మొదట మా సంగతి. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసు రేవుకు వెళ్లి, 1911లో గిర్మిట్ మీద ఫిజీ దీవులకు ఓడ యెక్కినారు. మా తండ్రిగారు బా పట్టణము దగ్గర చెరకు పండించినారు. ఇంటిలో ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు మాత్రము వారానికి రెండు సాయంకాలములు, బడి వరండాలో లాంతరు ముందు కూర్చుని నేర్చుకొన్నాము. మారిషస్, దక్షిణాఫ్రికా, మలేషియాల నుంచి వచ్చిన కుటుంబములవారికి ఈ కథ కొత్త కాదు. ఊళ్ల పేర్లు మార్చుకుంటే చాలును. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత కాలిఫోర్నియాకు వచ్చి, హేవర్డ్‌లో బడిపంతులుగా చేరినాము. మా తెలుగులో తప్పులుంటే అవి మావి, మా గురువులవి కావు.

హేవర్డ్ పక్క ఊరే క్యాస్ట్రో వ్యాలీ. మెటాలికాలో బేస్ గిటారు వాయించిన క్లిఫ్ బర్టన్ ఆ ఊరివాడు. 1981లో లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన ఈ బ్యాండు, అతడు తమలో చేరడము కోసము 1983 నాటికి మన ప్రాంతమునకు మకాము మార్చుకొన్నది. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి అతడు చనిపోయినాడు. అప్పటికి అతని వయస్సు 24 ఏండ్లు. మేము ఇక్కడ చేరే నాటికి మా బడిలో సగముమంది కుర్రవాళ్లు నల్లచొక్కాల మీద ఈ బ్యాండు పేరు వేసుకొని వచ్చేవారు. మాకు అది రణగొణ ధ్వనిగానే వినిపించేది.

1996 జూన్ నెలలో, సెలవులకు ముందు, ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరు కుర్రవాళ్లు మాటలు మానుకొన్నారు. కారణము అడిగితే, మెటాలికా కొత్త ఆల్బం "లోడ్" అన్నారు. బ్యాండువాళ్లు జుట్టు కత్తిరించుకొన్నారట, పాటల వేగము తగ్గించినారట. ఒకడు "వీళ్లు అమ్ముడుపోయినారు" అంటాడు. రెండవవాడు "మనిషి ఎదగకూడదా?" అంటాడు. పంతులు బుద్ధి ఊరుకోదు కదా! ఎవరి వాదన వారు రెండు పేజీలు వ్రాసి తెమ్మన్నాము. మొదటివాడు అరపేజీ మాత్రమే వ్రాసినాడు. తనకు పన్నెండేండ్ల వయసులో ఇంటిలో కష్టకాలము వచ్చినదనీ, అప్పుడు ఆ పాత పాటలే తోడుగా ఉన్నవనీ, ఇప్పుడు ఆ పాడినవాళ్లే వాటిని వదలిపోతుంటే తనను వదలిపోయినట్లుగా ఉన్నదనీ దాని సారాంశము. మేము ఆ కాగితము మీద మార్కులు వేయలేకపోయినాము.

ఆనాటి నుంచి ఈ తగవును గమనిస్తూ వచ్చినాము. గమనించిన కొద్దీ ఆశ్చర్యము పెరిగినది. ఎందుకంటే ఈ తగవు 1996లో పుట్టినది కాదు. 1984లో, వాళ్ల రెండవ ఆల్బంలోనే, "ఫేడ్ టు బ్లాక్" అనే నిదానమైన పాట మెత్తని గిటారుతో మొదలయితే, కొందరు తొలి అభిమానులు "అయిపోయినది, వీళ్లు మెత్తబడినారు" అన్నారు. ఈనాడు "పాత మెటాలికా కావాలి" అనేవారు మొదట అడిగే పాటలలో అది ఒకటి. 1991లో బాబ్ రాక్ అనే నిర్మాతతో పాటలు కుదించి, నల్ల అట్టతో ఒక ఆల్బం తెచ్చినారు. ప్రపంచమంతటా 3 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. పాతవాళ్లలో చాలమంది ముఖము తిప్పుకొన్నారు. కొత్తవాళ్లకు మెటాలికా అంటే అదే. 2003లో "సెయింట్ యాంగర్" వచ్చినది. అందులో గిటారు సోలోలు లేవు. డ్రమ్ము చప్పుడు ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్లు ఉన్నదని అందరూ ఒక్క గొంతుతో కోపగించుకొన్నారు. కొత్త పాతల వాళ్లను కలిపిన ఘనత ఆ డబ్బాకే దక్కినది!

చివరకు 2008లో, రిక్ రూబిన్ అనే నిర్మాత "మీ పాత రోజులను గుర్తు చేసుకోండి" అని చెప్పి, పొడుగు పాటలు, వేగము, సోలోలు అన్నీ ఉన్న "డెత్ మాగ్నెటిక్" చేయించినాడు. అడిగినది ఇచ్చినారు. తగవు తీరినదా? లేదు. రికార్డింగులో ధ్వనిని హద్దుమీరి పెంచినందువలన శబ్దము పగిలి వినబడుతున్నదనీ, అవే పాటలు ఒక వీడియో ఆటలో ఇంతకంటె తేటగా ఉన్నవనీ, మళ్లీ మిక్సు చేయవలెననీ వేలమంది అర్జీ మీద సంతకములు చేసినారు.

2023 ఏప్రిల్‌లో వాళ్ల 11వ స్టూడియో ఆల్బం వచ్చినది. పేరు "72 సీజన్స్", అనగా 72 ఋతువులు. వెంటనే, 12వది ఎట్లుండవలెనని వాదన మొదలయినది. ఒకరు 1986 నాటి వేగము కావలెనంటారు. ఒకరు పాటలు పొట్టివి కావలెనంటారు. ఇంకొకరు అరవై యేండ్లవాళ్లు అరవై యేండ్లవాళ్ల పాటలే పాడవలెనంటారు. ఈ మూడవ మాట మాకు కొంచెము నచ్చినదని ఒప్పుకొంటున్నాము. మా వయసు కూడ అదే గదా!

ఆ పేరు ఏమిటని విచారించినాము. ఏడాదికి నాలుగు ఋతువుల చొప్పున 72 ఋతువులు అంటే 18 ఏండ్లు. మనిషి మొదటి 18 ఏండ్లలో ఏర్పడిన రూపమునే తరువాత జన్మంతా మోస్తాడని వాళ్ల గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ భావము. మనకు ఏడాదికి ఆరు ఋతువులు. మన లెక్కలో 18 ఏండ్లకు 108 అవుతుంది. పిల్లలు కావలెనంటే వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. ఈ లెక్క చేసిన రోజున మాకు ఆ అరపేజీ కుర్రవాడు అర్థమయినాడు. అభిమాని పాత పాటను అడగడము లేదు. తన 72 ఋతువులను తిరిగి ఇమ్మని అడుగుతున్నాడు. దానిని ఏ బ్యాండూ ఇవ్వజాలదు.

ఇక మన ఇంటికి వద్దాము.

మన తాతలు, అవ్వలు ఓడ యెక్కినప్పుడు చాలమందికి పద్దెనిమిది, ఇరవై ఏండ్లు. వారు మూటలో కట్టుకొని తెచ్చిన తెలుగు వారి 72 ఋతువుల తెలుగు. దానిని మనము భద్రముగా దాచినాము. ఆ దేశములో ఆ తరువాత ఎన్నో ఆల్బంలు వచ్చినవి. మనము మొదటిదే పట్టుకొని ఉన్నాము. ఇందులో సిగ్గు ఏమీ లేదు. కాని అదొక్కటే తెలుగు అనుకొన్నామే, అక్కడ పొరపాటు ఉన్నది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాము. ఇది మేము చేసిన తప్పు, ఇంకెవరి మీదా వేయడము లేదు. 2008లోనే, అప్పటి మన ఉత్సవ కార్యక్రమములు నిర్ణయించే పని మా చేతిలో ఉన్నది. మా సాయంకాల తరగతిలో చదివే ఒక పదహారేండ్ల కుర్రవాడు వచ్చి, వాళ్ల అవ్వ పాడే పనిపాటను ఎలక్ట్రిక్ గిటారుతో, డ్రమ్ములతో పాడుతానన్నాడు. పాటలో ఒక్క మాట పోకుండా కంఠస్థము చేసినాడు. మేము, "అవ్వల పాటను అవ్వల పాటగానే ఉంచవలెను, గిటారుతో పాడితే అది మన పాట కాదు" అన్నాము. అతడు "సరే మాస్టారూ" అని వెళ్లిపోయినాడు. మరుసటి వారము తరగతికి రాలేదు. ఆ పై వారము అతని స్నేహితులు ఇద్దరు రాలేదు. ఆ యేడు ఉత్సవము చాల పద్ధతిగా జరిగినది. వెనుక వరుసలు ఖాళీ.

కొన్ని యేండ్ల తరువాత హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు మా తరగతికి సాయము చేయడానికి చేరినాడు. 2011 అక్టోబరులో మెటాలికా బెంగుళూరుకు వచ్చినప్పుడు రాత్రంతా రైలులో పోయి విని వచ్చినవాడు. మొదటి రోజున అతడు, "మాస్టారూ, మీరు మా తాతమ్మ మాట్లాడినట్లు మాట్లాడుతున్నారండీ" అని నవ్వినాడు. ఒకనాడు ఆ పనిపాటనే పిల్లలకు చెబుతుంటే విని, "ఇది మా ఊళ్లోనూ ఉందండీ. కాని వరస వేరు. మీరు 'గన్నా' అంటున్నచోట మేము 'వరి' అంటాము" అన్నాడు.

మేము కొంచెముసేపు మాట్లాడలేకపోయినాము. గన్నా అంటే చెరకు. ఫిజీ హిందీ మాట. ఆ పాట ఊరి నుంచి వచ్చినప్పుడు వరిపాట. అవ్వలు దానిని చెరకుతోటలోకి తీసుకొనిపోయి మాట మార్చినారు. హార్మోనియం, ఢోలక్ ఉన్న భజనగోష్ఠిలో కూర్చోబెట్టి వరస మార్చినారు. అది రెండవ ఆల్బం! మేము దానినే మొదటిది అనుకొని, మూడవది చేయబోయిన పిల్లవాడిని వెనక్కు పంపినాము.

హార్మోనియం అంటే గుర్తుకు వచ్చినది. అదీ పడమటి దేశము నుంచి వచ్చినదే. 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణి దానిని దూరముగా ఉంచినది. ఈనాడు హార్మోనియం లేని నాటక పద్యమును మనము ఊహించగలమా? వయొలిన్ కూడ పరాయిదే. విజయనగరములో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది మనదయినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తలలోనూ కృతులు రచించినవారు. ఇక్కడ కూడ 72 వచ్చినది, చూచినారా! అంతటి విద్వాంసులు లవంగి వంటి కొత్త రాగములు, కొద్ది స్వరములతో, కల్పిస్తే వీణ బాలచందర్‌గారు గట్టిగా ఎదిరించినారు. ఎదిరించినవారూ సంగీతమును ప్రాణముగా చూచినవారే. తగవు పడేది ప్రేమ ఉన్నవారే. లేనివారు లేచి పోతారు, అంతే. కాబట్టి అభిమానుల తగవును చూచి మేము భయపడము. 2008లో మేము చూచి భయపడవలసినది ఖాళీ వరుసలను.

అట్లని ఏది చేసినా సరే అని మేము అనడము లేదు. డబ్బా చప్పుడు డబ్బా చప్పుడే. ఆ అరపేజీ కుర్రవాడి బాధ కూడ నిజమే. పాతదానిని నమ్ముకొని బ్రతికినవారి యెదుట దానిని తేలికగా తీసివేయరాదు. ఇందుకు మెటాలికావాళ్లు 2023లో ప్రారంభించిన యాత్రలో ఒక పద్ధతి పెట్టినారు. చాల ఊళ్లలో రెండేసి రాత్రులు. మొదటి రాత్రి వాయించిన పాట రెండవ రాత్రి వాయించలేదు. అందులో పాతవీ ఉన్నవి, కొత్తవీ ఉన్నవి. తనకు కావలసినది వినడానికి వచ్చినవాడు పక్కవాడికి కావలసినది కూడ విన్నాడు.

రేపు ఉదయము మన సర్వసభ్య సమావేశమునకు తొమ్మిది మంది పిల్లలు వ్రాసిన అర్జీ ఒకటి వస్తున్నది. వచ్చే ఉత్సవములో తమ అవ్వల పాటలను తమ వాద్యములతో పాడతామని. మేము దానికి అనుకూలముగా చేయి ఎత్తుతాము. రెండు షరతులు మాత్రము కోరుతాము. పిల్లలు ముందు ఆ పాటను, తెలిసిన పెద్దల దగ్గర కూర్చుని, వాద్యము లేకుండ, అర్థముతో నేర్చుకోవలెను. అది పిల్లలకు షరతు. వాళ్లు పాడేటప్పుడు పెద్దలు కాఫీకి లేచిపోకుండ చివరిదాకా కూర్చోవలెను. అది మనకు షరతు. రెండవది కష్టమని మాకు తెలుసు.

ఆ గిటారు కుర్రవాడు క్రిందటి ఏడాది హేవర్డ్‌లో ఒక కూరగాయల అంగడిలో కనిపించినాడు. ఇప్పుడు పెద్దవాడు, చేతిలో చిన్నపాప. మేము క్షమించమని అడగవలెననుకొని, నోరు రాక, "ఇంకా పాడుతున్నావా, నాయనా?" అని అడిగినాము. "పాడతాను మాస్టారూ, ఇంట్లో, పాపను నిద్రపుచ్చడానికి. అవ్వ పాటే" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. అతనికి ఈ సభకు రమ్మని ఉత్తరము వ్రాసినాము. రాలేదు. అతనికి అప్పుడు చెప్పలేని మాటను ఇప్పుడు మీ అందరి ముందు చెబుతున్నాము: తప్పు మాది.

రేపు తొమ్మిది గంటలకు సమావేశము. అందరూ తప్పక రావలెను. తగవు పడదలచినవారు ఇంకా తప్పక రావలెను.