ఎలక్ట్రాన్లతో ఉపరితల పరీక్ష

పదార్థంపై ఎక్స్ కిరణాలు పడితే దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి బయటికొస్తాయి. కిరణం తెచ్చిన శక్తిలోంచి ఎలక్ట్రాన్ గతిశక్తినీ, పరికరపు పని ప్రమేయాన్నీ తీసేస్తే మిగిలేది బంధన శక్తి. అది మూలకానికో తీరుగా ఉంటుంది కనుక మూలకం ఏదో తెలిసిపోతుంది. ఈ లెక్కకు మూలం 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన కాంతి విద్యుత్ ఫలిత వివరణ. దాన్ని కచ్చితమైన విశ్లేషణ పద్ధతిగా మలిచిన స్వీడన్ శాస్త్రవేత్త కై సీగ్బాన్‌కు 1981లో నోబెల్ బహుమతి దక్కింది.

ఎక్స్ కిరణాలు పదార్థంలో చాలా లోతుకు దిగుతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం దారిలో ఢీకొని శక్తి పోగొట్టుకుంటాయి. శక్తి చెడకుండా బయటపడేవి దాదాపుగా పైనున్న 10 నానోమీటర్లలోపువే. ఈ పరిమితే పద్ధతికి బలం: లోపలి పదార్థం అడ్డురాకుండా పైపొర సంగతే తెలుస్తుంది. అంత పలుచని పొరను గాలి ఇట్టే మార్చేస్తుంది. టార్‌లో పదిలక్షో వంతు పీడనంలో సైతం, తగిలిన ప్రతి వాయు అణువూ అంటుకుంటే, శుభ్రమైన తలంపై సుమారు ఒక సెకనులోనే కొత్త పొర ఏర్పడుతుంది. అందుకే ఈ పరీక్షలు అత్యధిక శూన్యంలో జరుగుతాయి.

మూలకంతో పాటు దాని రసాయన స్థితీ బయటపడుతుంది. సిలికాన్ బిళ్లను పరీక్షిస్తే 99 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సిలికాన్ శిఖరం, 103 దాటాక దాని ఆక్సైడ్ శిఖరం కనిపిస్తాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగడంతో సిలికాన్‌లో మిగిలినవి మరింత గట్టిగా బిగుసుకుంటాయి. పలుచని ఆక్సైడ్ పొర మందాన్ని రెండు శిఖరాల నిష్పత్తి నుంచే లెక్కగట్టవచ్చు.

ఊడిన ఎలక్ట్రాన్ ఖాళీని పైకక్ష్యలోని మరొకటి పూరిస్తే, మిగిలిన శక్తితో మూడో ఎలక్ట్రాన్ వెలువడవచ్చు. దీన్ని 1922లో లీజ్ మైట్నర్, 1923లో పియర్ ఓజే విడివిడిగా కనుగొన్నారు; పేరు ఓజేదే నిలిచింది. అల్యూమినియం మూలం తీసి మెగ్నీషియం మూలం పెడితే కిరణ శక్తి 1486.6 నుంచి 1253.6 ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గుతుంది. నేరుగా ఊడినవాటి గతిశక్తి 233 తగ్గుతుంది. ఓజే ఎలక్ట్రాన్లది మారదు. రెంటినీ వేరుచేసే గుర్తు ఇదే.

మన దేశంలో చూస్తే, పరమాణువు నుంచి ఎలక్ట్రాన్లు ఊడే లెక్క కోల్‌కతాకు పాతదే. వేడికి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోయే సమీకరణాన్ని భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా 1920లో ప్రకటించారు. ఆయన ఆ నగరంలో నెలకొల్పిన అణు భౌతికశాస్త్ర సంస్థను 1950లో ఇరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. ఉపరితల భౌతికశాస్త్రం తర్వాత అక్కడ ప్రధాన పరిశోధనాంశాల్లో ఒకటైంది.

ఈ ఎక్స్ కిరణ పరీక్షా పరికరం ముందు కూర్చునేవారు దాని హద్దులూ ఎరిగి ఉండాలి. హైడ్రోజన్, హీలియం ఇందులో పట్టుబడవు. విద్యుత్ బంధక నమూనాలో ఆవేశం పేరుకుంటే శిఖరాలు జరుగుతాయి. గాలి సోకిన తలంపై చేరే కార్బన్ శిఖరాన్ని 284.8 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద నిలిపి సవరించడం వాడుక. ఆ విలువ అన్ని నమూనాలకూ ఒకటి కాదు. కనుక ఏ ప్రమాణంతో సవరించారో ఫలితాల పక్కనే రాయాలి.