నిదానంగా కుట్టే బొంత కూడా పోరాటమే

(గోదావరిఖనిలో మన యువతీయువకుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పోరాటం అనగానే మనకు జోడేఘాట్‌లో 1940లో నేలకొరిగిన కుమురం భీం గుర్తొస్తాడు. 2011 సకల జనుల సమ్మెలో గనులు ఆపి కూర్చున్న సింగరేణి కార్మికులు గుర్తొస్తారు. ధర్నా, ర్యాలీ, వినతిపత్రం గుర్తొస్తాయి. అవన్నీ కావాల్సిందే. అయితే ఈ రోజు మేము చెప్పదలచింది చప్పుడు లేని ఇంకొక పని గురించి. అది చేతిపని.

జైనూర్ మండలం ఉషేగావ్‌లో మన ఓజా సోదరులు ఇత్తడి బొమ్మలు పోస్తారు. ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. దాని మీద మైనాన్ని సన్నని దారాల్లా తీసి చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి ఎండబెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. అందుకే ఒకదానిలాంటిది అచ్చంగా ఇంకొకటి ఉండదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోండుల దేవుళ్లు, గంటలు, గజ్జెలు ఆ చేతుల్లోంచే వస్తాయి. తొందరపడితే ఈ పని చెడుతుంది.

కోయల పడిగె చూడండి. ఒక గుడ్డ, దాని మీద బొమ్మలు. అది వంశ చరిత్ర పుస్తకం. డోలి కళాకారులు దాన్ని ముందు పెట్టుకుని కథ పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు మన బొగ్గు ప్రాంతమైన మణుగూరు వారే. అక్షరం రాని కాలంలో కూడా మన పెద్దలు చరిత్రను గుడ్డ మీద దాచారు.

దూరదేశంలోనూ ఇదే జరిగింది. చిలీలో 1973లో సైన్యం అధికారం లాక్కుంది. కొడుకులు, భర్తలు మాయమైన ఆడవాళ్లు గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలు కుట్టి తమ గోస చెప్పుకున్నారు. మాట్లాడితే ప్రమాదమైన చోట సూది మాట్లాడింది. ఆ గుడ్డలు దేశం దాటి వెళ్లి సాక్ష్యం చెప్పాయి.

మరి మన దగ్గర? ఓపెన్‌కాస్టు వచ్చిన చోట ఊరు పోతుంది. ఇల్లు పోతే పరిహారం లెక్క కడతారు. ఊరి పేరు, పోచమ్మ గద్దె, పెద్దల సమాధులు, చెరువు గట్టు మీది ఇప్పచెట్టు ఏ లెక్కలోకీ రావు. అవి మన ముసలివాళ్ల నోట్లోనే ఉన్నాయి. వాళ్లు పోతే అవీ పోతాయి.

అందుకే ఈ ఏడాది ఒక బొంత కుట్టాలని మేము అనుకుంటున్నాం. ప్రతి ఇంటి నుంచి ఒక పాత చీర ముక్కో, పంచె ముక్కో తేవాలి. దాని మీద తమ పాత ఊరి పేరు, వాగు, దేవర జాగా దారంతో కుట్టాలి. ఊరి పేరు కాగితాల్లో ఉన్నట్టు కాదు, అవ్వ పిలిచినట్టు రావాలి. కులదేవతల గుర్తులు మాత్రం పెద్దల అనుమతి లేకుండా కుట్టొద్దు.

ఫోన్ పక్కన పెట్టి రెండు గంటలు కుట్టండి. చేతులకు పని ఉన్నప్పుడు నోరు తెరుచుకుంటుంది. సభలో మైకు ఇస్తే మాట్లాడని అవ్వ, సూదిలో దారం ఎక్కిస్తూ అన్నీ చెబుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు పెద్దల మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. సమాధులు, పవిత్ర స్థలాల ఆనవాళ్లూ పనికొస్తాయి. 2006 నాటి ఆ చట్టాన్ని చదవండి.

బొంత కుడితే భూమి తిరిగి వస్తుందని మేము చెప్పడం లేదు. గ్రామసభకు పోవాలి, కాగితం పెట్టాలి, అవసరమైతే రోడ్డు మీద కూర్చోవాలి. కానీ ఏం పోగొట్టుకున్నామో తెలియనివాడు ఏమని అడుగుతాడు? ఆ తెలివిడి ఒక్కో కుట్టుతో వస్తుంది.

వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం. సూది, దారం సంఘం ఇస్తుంది. గుడ్డ ముక్క మీరు తెండి. అవ్వను తప్పకుండా వెంట తీసుకురండి.

జై సేవా. జల్, జంగల్, జమీన్ జిందాబాద్.