కారు అమ్మే ముందు: మురికి తీయండి, దెబ్బ దాచకండి

ఈ ఎపిసోడ్ పాత కారు అమ్మాలనుకుంటున్న వాళ్ళ కోసం.

కారు అమ్ముదాం అనుకున్న రోజు నుంచే ఇంట్లో రెండు రకాల సలహాలు మొదలవుతాయి. ఒకరేమో "అమ్మేసేదే కదా, దానికెందుకు ఖర్చు, ఉన్నది ఉన్నట్టు చూపించు" అంటారు. ఇంకొకరు "బంపర్‌కి పెయింట్ కొట్టించు, కొత్త సీట్ కవర్లు వేయించు, టైర్లు మార్చు, అప్పుడే మంచి రేటు వస్తుంది" అంటారు. ఈ రెండిట్లో ఏది విన్నా మన డబ్బే పోతుంది. ఎందుకో చెప్తాను.

కొనడానికి వచ్చే మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. చాలామందికి అది మొదటి కారు. మూడేళ్ళు, నాలుగేళ్ళు దాచుకున్న డబ్బు అది. ఇంజిన్ లోపల ఏముందో అతనికి తెలీదు. కాబట్టి పైకి కనిపించే వాటిని బట్టి లోపల ఎలా ఉందో లెక్కేస్తాడు. కారు నిండా దుమ్ము, డోర్ పాకెట్లో చిప్స్ కవర్లు ఉంటే "ఇది కూడా తుడవని వాళ్ళు ఆయిల్ టైముకి మార్చారా?" అనుకుంటాడు. అదే ఒక్క డోర్ మాత్రం కొత్త పెయింట్‌తో తళతళా మెరుస్తుంటే "ఇక్కడ ఏదో పెద్ద దెబ్బే తగిలింది" అనుకుంటాడు. రెండుచోట్లా రేటు తగ్గించేది భయమే. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది ఒక్కటే మాట: మురికి తీయండి, దెబ్బ దాచకండి.

ముందు ఖర్చుకి ఒక గీత గీసుకోండి. నేను చెప్పే లెక్క ఏంటంటే, మీకు వస్తుందనుకునే ధరలో ఒక శాతం. 4 లక్షల కారు అయితే 4 వేలు. అంతకు మించి పైపై పనులకి పెట్టొద్దు. మీరు 20 వేలు పెట్టి టైర్లు వేయించినంత మాత్రాన కొనేవాడు 20 వేలు ఎక్కువ ఇవ్వడు. ఈ 4 వేలలో కూడా సగం పని మీరే ఇంట్లో చేసుకోవచ్చు, ఒక ఆదివారం పొద్దున్న కూర్చుంటే చాలు.

ఇప్పుడు వరసగా వెళ్దాం.

మొదట కారులోంచి మిమ్మల్ని మీరు తీసేయండి. అంటే మీ గుర్తులన్నమాట. డిక్కీలో ఉన్న క్రికెట్ బ్యాటు, చెప్పులు, పాత బిల్లులు, గొడుగు అన్నీ బయటికి. అపార్ట్‌మెంట్ స్టిక్కర్, ఆఫీసు పార్కింగ్ పాస్, వెనక అద్దం మీద హీరో బొమ్మ, ఇంటిపేరు, కులం పేరు, ఇవన్నీ తీసేయాలి. కొనేవాడు ఆ కారులో తన కుటుంబాన్ని ఊహించుకోవాలి, మీ కుటుంబాన్ని కాదు. అయితే వెనక అద్దం విషయంలో జాగ్రత్త. చాలా కార్లకి వెనక అద్దం లోపలివైపు సన్నటి గీతలుంటాయి, అవి డీఫాగర్ తీగలు. లోపల అంటించిన స్టిక్కర్‌ని బ్లేడుతో గీకితే ఆ తీగలు తెగిపోతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి, గోరుతో మెల్లగా లాగితే జిగురు వదిలేస్తుంది. నల్ల ఫిల్ములుంటే అవి కూడా తీసేయండి. అవి వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. చలానా భయం కొనేవాడికి ఎందుకు అంటగట్టాలి?

అలాగే కారు స్క్రీన్‌లో మీ ఫోన్ కాంటాక్టులు, ఇంటి అడ్రస్ ఉండిపోతాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. ఫాస్టాగ్ మాత్రం అమ్మకం అయిన రోజే క్లోజ్ చేయించండి. మర్చిపోతే వాళ్ళు విజయవాడ వెళ్తుంటే టోల్ మీ ఖాతాలోంచి కట్ అవుతుంది.

రెండోది బయట కడగడం. ఎండలో కడగొద్దు, నీడలోనే కడగండి. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్ళే. వాటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఎండకి నీళ్ళు అక్కడే ఆరిపోయి తెల్లటి చుక్కలు పడతాయి. ఆ చుక్కలున్న నలుపు రంగు కారు చూడండి, పదేళ్ళ పాతదిలా కనిపిస్తుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి మంచి నీళ్ళతో కడిగేస్తే కొత్త మరకలు పోతాయి. పాత మరకలకి మాత్రం పాలిషింగే దిక్కు. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, పెయింట్ మీద ఉన్న వ్యాక్స్ మొత్తం లాగేస్తుంది. కార్ షాంపూ చిన్న సీసా కొనుక్కోండి.

మన కార్లకి ఇంకో ప్రత్యేకమైన మరకలుంటాయి. దసరాకి ఆయుధ పూజ చేస్తాం కదా, పసుపు, కుంకుమ, సింధూరం బొట్లు. బానెట్ మీద, స్టీరింగ్ మీద, డాష్‌బోర్డు మీద అవి ఎండకి ఎండి అతుక్కుపోతాయి. నూనెతో కలిపిన సింధూరం అయితే ముందు పొడి గుడ్డతో ఎంత వస్తే అంత తీసి, తర్వాతే షాంపూ నీళ్ళు వాడండి. మొదటే నీళ్ళు పోస్తే మరక ఇంకా పాకుతుంది. బంపర్ కింద కట్టిన పాత నిమ్మకాయలు, మిరపకాయలు, దిష్టి తాడు కూడా విప్పేయండి. దేవుడి బొమ్మ మీ ఇంటికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు గీతల సంగతి. గీత మీద గోరు అడ్డంగా నడిపించి చూడండి. గోరు తగులుకోకపోతే ఆ గీత పై పొరలోనే ఉంది, రబ్బింగ్, పాలిషింగ్‌తో పోతుంది. గోరు తగులుకుంటే పాలిష్‌తో పోదు, వదిలేయండి. కంపెనీ పెయింట్ మొత్తం కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. అంటే ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. రబ్బింగ్ అంటే ఆ పొరనే అరగదీయడం. అందుకే రోడ్డు పక్కన ఎవరి చేతికో మెషిన్ ఇచ్చి "మెరిసేదాకా కొట్టు" అనకండి. అంచుల దగ్గర పొర మొత్తం లేచిపోతే, ఉన్న గీతే నయం అనిపిస్తుంది.

మూడోది హెడ్‌లైట్లు. తక్కువ ఖర్చుతో కారు వయసు తగ్గించి చూపించేది ఇదే. పైనున్నది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని యూవీ కిరణాలకి దాని పైపూత పాడై పసుపు రంగులోకి మారుతుంది. 1000, 2000, 3000 నంబర్ల నీటి ఎమరీ పేపర్‌తో వరసగా, నీళ్ళు చల్లుతూ రుద్ది, చివర్లో కాంపౌండ్ వేస్తే అద్దంలా వస్తుంది. చుట్టూ పెయింట్‌కి మాస్కింగ్ టేప్ వేయడం మర్చిపోకండి. చివర్లో యూవీ కోటింగ్ కూడా వేయాలి. లేకపోతే కొన్ని నెలల్లోనే మళ్ళీ పసుపెక్కుతుంది, కొన్నవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఇది దాచడం కాదండీ, నిజంగా రిపేరే. రాత్రి వెలుతురు కూడా పెరుగుతుంది.

నాలుగోది లోపల, ముఖ్యంగా వాసన. డోర్ తీయగానే ఘాటు పర్ఫ్యూమ్ కొడితే తెలిసినవాడు వెంటనే అనుమానిస్తాడు. ఎందుకంటే 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, ఎన్ని కార్లు నీళ్ళలో మునిగాయో అందరం చూశాం. అప్పట్నుంచి కొనేవాళ్ళు తెలివిమీరారు. సీట్ బెల్ట్ చివరిదాకా లాగి బురద గీత ఉందా చూస్తారు, మ్యాట్ ఎత్తి కార్పెట్ వాసన చూస్తారు, స్టెప్నీ గుంతలో తుప్పు వెతుకుతారు. మీ కారు మునగకపోయినా ముక్కవాసన వస్తే మునిగిందనే అనుకుంటారు. కాబట్టి వాసన మీద సెంటు చల్లకండి, దాని కారణం వెతకండి. మ్యాట్లన్నీ తీసి, డోర్లు తెరిచి ఎండలో ఆరబెట్టండి. ఏసీ క్యాబిన్ ఫిల్టర్ మార్చండి, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, పది నిమిషాల పని. సీట్లకి వాక్యూమ్ కొట్టించండి. డాష్‌బోర్డుకి జిడ్డు జిడ్డుగా మెరిసే పాలిష్ వద్దు, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఐదోది ఇంజిన్. బానెట్ ఎత్తి ప్రెషర్ గన్‌తో కొట్టొద్దు. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, వైరింగ్ సాకెట్లలోకి నీళ్ళు పోతే రేపు బేరం టైముకి కారు స్టార్టే అవ్వదు. బ్రష్‌తో దుమ్ము దులిపి, ప్లాస్టిక్ కవర్ల మీద తడి గుడ్డతో తుడవండి. ఎక్కడైనా ఆయిల్ కారుతుంటే దాన్ని తుడిచి చూపించడం మోసం. రిపేర్ చేయించండి, లేదా చెప్పండి.

ఇక అసలు ప్రశ్న: సొట్టలు. చిన్న సొట్ట, పెయింట్ లేవకుండా ఉంటే, పెయింట్ కొట్టకుండానే లోపల్నుంచి తోసి సరిచేసేవాళ్ళున్నారు. అది చేయించుకోవచ్చు. పెయింట్ లేచిపోయిన పెద్ద సొట్ట అయితే? నా మాట వినండి, అలాగే ఉంచండి. ఎందుకంటే కొనేవాడి చేతిలో ఇప్పుడు పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటుంది. పక్క డోర్ 120 చూపించి ఈ డోర్ 300 చూపిస్తే మళ్ళీ పెయింట్ పడిందని తెలిసిపోతుంది. పుట్టీ పెట్టిన చోట అంకె ఇంకా పైకి పోతుంది. మీటర్ లేనివాడు అయస్కాంతం తెస్తాడు, పుట్టీ మందంగా ఉన్నచోట అది సరిగా అంటుకోదు. కాబట్టి ఏం చేయాలంటే, ఒక షెడ్డుకి వెళ్ళి ఆ డోర్‌కి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. 5 వేలు అన్నారనుకోండి, ఆ కాగితం చూపించి "ఇదిగో దెబ్బ, ఇదిగో ఖర్చు" అనండి. అప్పుడు బేరం ఆ 5 వేల చుట్టూనే తిరుగుతుంది. దాచి దొరికిపోతే 5 వేల మీద ఆగదు, కారు మొత్తం మీద అనుమానం మొదలవుతుంది. కొందరు మాట్లాడకుండా వెళ్ళిపోతారు కూడా.

"ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చేసి పెయింట్ వేయిద్దాం" అంటారు కొందరు. ఆగండి. ఒక్క క్లెయిమ్ కూడా లేకుండా ఏడాది గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం ఎన్‌సీబీ వస్తుంది, ఐదేళ్ళు గడిస్తే 50 శాతం. అది కారుది కాదు, మీది. కారు అమ్మినా కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని మూడేళ్ళలోపు కొనే మీ కొత్త కారుకి వాడుకోవచ్చు. అమ్మబోయే కారు డోర్ కోసం దాన్ని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

టైర్ల గురించి ఒక్క మాట. నల్లగా మెరిసే లిక్విడ్ పూసినంత మాత్రాన టైర్ కొత్తది కాదు. పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ఇది ఇప్పుడు స్కూలు పిల్లలకి కూడా తెలుసు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైర్ రోడ్డు మీద తిరగడానికే పనికిరాదు. అలాంటిది ఉంటే మాత్రం మార్చండి, అది అందం కోసం కాదు, ప్రాణం కోసం. ఇది ఆ ఒక శాతం లెక్కలోకి రాదు.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఒకటి, మీటర్ వెనక్కి తిప్పడం. సర్వీస్ సెంటర్లో మీరు వెళ్ళిన ప్రతిసారీ కిలోమీటర్లు రాసి ఉంటాయి, ఇట్టే దొరికిపోతారు. అది బేరం కాదు, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. రెండోది, వార్నింగ్ లైట్ బల్బు పీకేయడం. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఏం జరిగిందో తెలిసినవాడికి తెలుస్తుంది. తెలియనివాడైతే? పనిచేయని ఎయిర్‌బ్యాగ్‌తో తన పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తాడు. ఆలోచించండి.

చివరిగా ఫోటోలు. పొద్దున్న ఎనిమిది లోపు గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, ఫిల్టర్లు వద్దు. కారు తడిగా ఉన్నప్పుడు తీయొద్దు, తడిలో గీతలు కనిపించవు, వచ్చి చూసినవాడు మోసపోయానంటాడు. నాలుగు మూలల నుంచి నాలుగు, లోపల ముందు వెనక, డిక్కీ, ఇంజిన్, నాలుగు టైర్లు, ఇంజిన్ ఆన్‌లో ఉండగా మీటర్. ఆ తర్వాత ప్రతి దెబ్బకీ దగ్గర్నుంచి ఒక ఫోటో. అవును, దెబ్బలవి కూడా పెట్టండి. అవి చూసి కూడా ఫోన్ చేసినవాడు నిజంగా కొనేవాడు. మీ ఆదివారాలు మిగుల్తాయి.

వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు కారు ఒకసారి చుట్టూ తిప్పి, లోపాలు మీరే ముందు చెప్పండి. సర్వీస్ బిల్లులు ఒక ఫైల్లో పెట్టి చేతికివ్వండి. ఏ పాలిష్ కన్నా ఆ ఫైలే ఎక్కువ పనిచేస్తుంది.

ఆర్సీ పేరు మార్పు, ఫారాలు 29, 30, లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, అదంతా పెద్ద సబ్జెక్టు, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఈలోపు కారు అమ్మే ఆలోచనలో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది పంపించండి, పెయింట్ షెడ్డుకి వెళ్ళకముందే. ఉంటానండీ, నమస్తే.