చలం గారిని మొత్తం చదివితే

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుడిపాటి వెంకటచలం గారి పుస్తకాలు దొరికినవన్నీ తెచ్చుకుని పద్నాలుగు నెలలపాటు వరుసగా చదివాను. ఆ విషయమే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనలో చాలామందికి చలం అంటే 1927 నాటి 'మైదానం' ఒక్కటే. ప్లీడరు గారి భార్య రాజేశ్వరి అమీరుతో వెళ్ళిపోయిన కథ. ఆ ఒక్క పుస్తకంతోనే ఆయన మీద తీర్పు చెప్పేశారు. మనం ఆఫీసుల్లో పనిచేసిన వాళ్ళం. ఒక్క కాగితం చూసి ఫైలు మూసేస్తామా? నోట్ ఫైలు, కరెంట్ ఫైలు మొదటి పేజీ నుంచి తిరగేస్తేనే గదా అసలు సంగతి తెలిసేది!

తిరగేస్తే ఏం తెలిసింది? 1894లో మద్రాసులో పుట్టిన ఈయన కూడా మనలాగే సర్కారు ఉద్యోగి, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. పిల్లల్ని కొట్టకుండా, భయపెట్టకుండా పెంచమని 'బిడ్డల శిక్షణ' రాశారు. ఠాగూరు 'గీతాంజలి'ని తెలుగు చేశారు. 1950లో అరుణాచలం చేరి, 1979లో కన్నుమూసే వరకు అక్కడే ఉన్నారు. విచిత్రమైన మనిషి, నిజమే. అనుకున్నదే రాశారు, రాసినట్లే బతకబోయారు. అయినవాళ్ళు వెలివేసినా వెనక్కి తగ్గలేదు.

మా ఆవిడకు చూపు సరిగా ఆనదు గనుక పైకి చదివి వినిపించేవాణ్ణి. 'స్త్రీ' చదువుతుండగా ఒకచోట ఆపమన్నది. "మా నాన్నగారు ఈ పుస్తకం చదివుంటే నన్ను ఐదో తరగతితో మాన్పించేవారు కాదేమోనండీ" అన్నది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. మర్నాటి నుంచి ఏ పుస్తకం చదవాలో ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

ఆయన చెప్పిందల్లా ఒప్పుకోనక్కరలేదు. పెళ్ళి గురించి ఆయన వాదన నాకిప్పటికీ మింగుడు పడదు. నవలల్లో చెప్పిందే మళ్ళీ చెబుతున్నారనిపించి విసుగు పుట్టిన రోజులున్నాయి. అటువంటప్పుడు 'మ్యూజింగ్స్' తీసి నాలుగు పేజీలు చదివితే మళ్ళీ ఉత్సాహం వచ్చేది.

సభ్యులకు నా విన్నపం ఒక్కటే. కొనలేకపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడగండి. ముందు 'బిడ్డల శిక్షణ', తరువాత 'స్త్రీ', చివరికి 'మైదానం' చదవండి. ఒక్కరే చదువుకోకండి, ఇంట్లో ఆడవాళ్ళకూ వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆపమంటారో అక్కడ ఆపి, చెప్పేది వినండి. మన సర్వీసు కబుర్లు వాళ్ళు ఇన్నేళ్ళు విన్నారు గదా!