కొలంబోలో దిగిన మంథని మనిషి
(పి.వి. నరసింహారావు స్మారకోపన్యాసం, కరీంనగర్)



పి.వి. గారి పేర ఉపన్యాసమంటే 1991 సంస్కరణల గురించో, ‘వేయిపడగలు’ను ఆయన హిందీలోకి తెచ్చిన సంగతో వినడానికి వచ్చి ఉంటారు. నేను 1983 జూలై చివరి వారం గురించి మాట్లాడతాను. ఇరవై ఏళ్లు మంథని ఎమ్మెల్యేగా ఉండి, హన్మకొండ నుంచి లోక్‌సభకు వెళ్లి, విదేశాంగ మంత్రి అయిన మన జిల్లా మనిషి, పొరుగు దేశపు రాజధాని తగలబడుతుండగా అక్కడ దిగిన వారం అది.

జూలై 23 రాత్రి ఉత్తర శ్రీలంకలో జాఫ్నా దగ్గరి తిరునల్వేలిలో తమిళ మిలిటెంటు సంస్థ ఎల్టీటీఈ మాటు వేసి 13 మంది శ్రీలంక సైనికులను చంపింది. మృతదేహాలను కొలంబో తెప్పించి కనత్తే శ్మశానంలో ఒకేచోట అంత్యక్రియలు జరపాలని శ్రీలంక ప్రభుత్వం నిర్ణయించింది. 24వ తేదీన అక్కడ చేరిన సింహళుల గుంపు పక్కనున్న బొరెల్లా ప్రాంతం మీద పడింది. తెల్లారేసరికి నగరమంతా మంటలు. గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి. ఏ ఇల్లు తమిళులదో, ఏ దుకాణం ఎవరిదో చూసుకుంటూ పోయారు. పోలీసులు, సైనికులు చాలాచోట్ల చూస్తూ నిలబడ్డారు. 25న వెలికడ జైల్లో 35 మంది తమిళ ఖైదీలను చంపేశారు. 27న అదే జైల్లో మరో 18 మందిని చంపారు. ఆ పద్దెనిమిది మంది దగ్గర కాస్త ఆగుదాం. మొదటి హత్యలు జరిగాయని ప్రభుత్వానికి తెలుసు. మిగిలినవాళ్లు దాని తాళం కిందే ఉన్నారు. మధ్యలో రెండు రోజుల వ్యవధి ఉంది. ఆపగలిగి ఆపని చావులు అవి.

అధ్యక్షుడు జయవర్ధనే 28వ తేదీ దాకా జనం ముందుకు రాలేదు. వచ్చి టీవీలో మాట్లాడినప్పుడు చనిపోయిన తమిళుల కోసం ఒక్క సానుభూతి మాట అనలేదు. మృతుల లెక్క ప్రభుత్వం ప్రకారం వందల్లో ఉంది, తమిళుల లెక్కలు మూడు వేల దాకా చెబుతాయి.

ఇందిరాగాంధీ జయవర్ధనేకు ఫోన్ చేసి, పి.వి.ని పంపారు. 28న ఆయన కొలంబోలో దిగారు. వెంట సైన్యం లేదు. అధ్యక్షుణ్ణి, విదేశాంగ మంత్రి హమీద్‌ను కలిశారు. ఆయన వెళ్లినందువల్లే హింస ఆగిందని నేను అనను. 29న, పులులు, అంటే ఎల్టీటీఈ వాళ్లు, నగరంలోకి వచ్చారన్న పుకారుతో మళ్లీ నెత్తురు పారింది. కానీ ఆ రోజు నుంచి కొలంబో పాలకులకు ఒక సంగతి అర్థమైంది: బయటివాళ్లు చూస్తున్నారు, లెక్కపెడుతున్నారు, మళ్లీ వచ్చి అడుగుతారు. తర్వాత భారత్ శిబిరాల్లోని తమిళులను ఉత్తరాదికి చేర్చడానికి ఓడ పంపింది. భారత దూతగా జి. పార్థసారథి రాజీ చర్చలకు వెళ్లారు. తమిళనాడు తీరం లక్షకు పైగా శరణార్థులకు తలుపు తీసింది. ఫోను, మనిషి, ఓడ, తెరిచిన తీరం. మొదటి వారంలో ప్రాణాలు కాపాడేవి ఇవేనని నా నమ్మకం.

ఇదే కాలంలో ఇదే భారత ప్రభుత్వం మరో పని కూడా చేసింది. తమిళ మిలిటెంట్లకు రహస్యంగా శిక్షణ ఇచ్చింది, ఆయుధాలిచ్చింది. ఒక చేత్తో రాజీ పత్రం, మరో చేత్తో తుపాకీ. 1987 జూలై భారత్-శ్రీలంక ఒప్పందం తర్వాత మన శాంతి సేన అదే ఎల్టీటీఈతో పోరాడాల్సి వచ్చింది. సుమారు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. జాఫ్నా పౌరులు మన సైన్యం చేతుల్లోనూ చచ్చిపోయారు. 1991 మేలో శ్రీపెరంబుదూరులో అదే ఎల్టీటీఈ రాజీవ్ గాంధీని హత్య చేసింది, నెల తిరిగేసరికి పి.వి. ప్రధాని అయ్యారు. బాధితుల్లో ఒక వర్గానికి తుపాకీ ఇవ్వడాన్ని బాధితులను కాపాడటమని ఎవరైనా అంటే, ఈ వరుస ఒక్కసారి చదవమని అడుగుతాను.

ఊచకోత మూడు రోజుల్లో జరుగుతుంది కానీ మూడు రోజుల్లో పుట్టదు. ఇది ఆదిలాబాద్ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీమును చంపాక నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ప్రపంచయుద్ధం నడుస్తోంది, ఆయన శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్న ఆస్ట్రియావాడు. మార్లవాయిలో కాపురముండి గోండుల గోడు విన్నాడు. భూమికి పట్టా ఇవ్వండి, పిల్లలకు గోండిలో చదువు చెప్పండి అన్నాడు. కొంత జరిగింది. తర్వాతి ప్రభుత్వాల కాలంలో ఆ భూములు మళ్లీ చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు గోండుల మీద కాల్పులు జరిపారు. అధికారికంగా 13 మంది చనిపోయారు, ఆ ఊళ్లవాళ్ల లెక్క దానికి ఎన్నో రెట్లు. పరాయివాడు విని చెప్పిన మాట నలభై ఏళ్లపాటు దస్త్రాల్లో ఉండగానే ఇది జరిగింది. విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలు కూడా ఇలాంటి సంగతులే వినాలి, రాయాలి: భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరికి పోతోంది, జాబితాలు ఎవరు అడుగుతున్నారు, రేడియోలో ఎవరిని పురుగులంటున్నారు. రువాండాలో 1994 జనవరిలోనే ఐరాస దళాధిపతి డల్లేర్ న్యూయార్క్‌కు హెచ్చరిక పంపాడు. చంపడం మొదలైంది ఏప్రిల్‌లో. ఆ నెలలోనే భద్రతామండలి అక్కడి దళాన్ని 270కి కుదించింది.

దీనికి భిన్నంగా, కెన్యాలో 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత వెయ్యి మందికి పైగా చనిపోతే, కోఫీ అన్నన్ జనవరిలో నైరోబీ చేరి, ఇరుపక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఫిబ్రవరి 28న సంతకాలు చేయించాడు. వెనక ఆఫ్రికన్ యూనియన్ నిలబడింది.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. పి.వి. పేరు పెట్టుకున్న సభలో చెప్పకుండా దాటేస్తే ఆయనకూ, మనకూ గౌరవం కాదు. కొలంబో వెళ్లి వచ్చిన పదిహేను నెలలకు, 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగినప్పుడు, ఆయన దేశ హోం మంత్రి. ఢిల్లీ పోలీసులు ఆయన శాఖ కిందే ఉన్నారు. మూడు రోజుల్లో రాజధానిలో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 2,733 మంది సిక్కులు హతమయ్యారు. గుంపుల దగ్గర ఓటర్ల జాబితాలు ఉన్నాయని పౌరహక్కుల సంఘాలు అప్పుడే రాశాయి. సైన్యం ఆలస్యంగా దిగింది. ఆ సాయంత్రం నుంచి వ్యవహారం ప్రధాని కార్యాలయమే చూసిందని ఆయన జీవితచరిత్రకారుడు అంటాడు. అయి ఉండవచ్చు. జాబితా, పోలీసుల మౌనం, ఆలస్యం అన్నీ కొలంబోలో కళ్లారా చూసి వచ్చిన మంత్రి రోడ్డెక్కాల్సింది, లేదా రాజీనామా చేయాల్సింది. నేను ఎంతో అభిమానించే మనిషి గురించే ఈ మాట అంటున్నాను.

జాతిహనన నిరోధక ఒడంబడికను భారత్ 1959లోనే ధృవీకరించింది. దాన్ని దేశీయ చట్టంగా నేటికీ చేయలేదు. 2018 డిసెంబరులో, 1984 హత్యలకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటును తీర్పులోనే ఎత్తిచూపింది. 2024లో అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ జాతిహననానికి సెక్షన్ లేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. 2009 మేలో, శ్రీలంక యుద్ధం చివరి రోజుల్లో ముల్లైత్తీవు తీరాన వేలాది తమిళ పౌరులు చనిపోయిన వెంటనే, జెనీవాలోని ఐరాస మానవహక్కుల మండలిలో మనం కొలంబో ప్రభుత్వం పక్షాన ఓటు వేశాం. 2012లో దానికి వ్యతిరేకంగా వేశాం. 2014లో ఎటూ వేయలేదు. ఈ మూడు ఓట్లకూ కారణాలేమిటో పార్లమెంటులో లోతుగా చర్చ జరగాలి.

కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్ లోక్‌సభ సభ్యుల్లో మంత్రి పదవిలో లేనివారు వచ్చే సమావేశాల్లో రెండు పనులు చేయవచ్చు. జాతిహనన నేరానికి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టవచ్చు. పొరుగు దేశాల్లో ఊచకోత ముప్పు గురించి మన రాయబారులు పంపే హెచ్చరికలను విదేశాంగ స్థాయీ సంఘం ముందు ఏటా ఉంచమని అడగవచ్చు. ముసాయిదా రాయడానికి ఈ సభలో ఉన్న న్యాయవాదులు ముందుకు వస్తే, మనం ఇప్పుడే కూర్చుందాం.