దొంగ కాదని ఒక కాయితం



మేము సేవకు వచ్చిన కొత్తలో బళ్లారిలో ఒక అవ్వ మా దగ్గరికి వచ్చింది. 1942 క్విట్ ఇండియా రోజుల్లో ఆమె భర్త అల్లీపురం జైల్లో నాలుగు నెలలు ఉన్నాడు. "అయ్యగారూ, పింఛను రాకపోయినా సరే. ఆయన దొంగతనం చేసి జైలుకు పోలేదని సర్కారోళ్లతో ఒక కాయితం ఇప్పియ్యండి" అంది.

కేంద్రం 1972లో సమరయోధుల పింఛను మొదలుపెట్టినప్పుడు ఏడాదికి 5,000 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికే ఇచ్చేది. 1980లో ఆ హద్దు తీసేసి, పేరులోనే 'సమ్మాన్' అని చేర్చింది. అంటే ఇది బీదలకు వేసే భిక్ష కాదు. చనిపోయినవారి భార్యకూ హక్కుంది. దరఖాస్తు ఒక ప్రతి రాష్ట్రానికి, ఒకటి కేంద్ర హోం శాఖకు. అంతవరకు సులువే.

జైలు రికార్డు దగ్గర ఆగిపోయాం. 1942లో బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉంది, 1953లో మైసూరుకు వెళ్లింది. ఇక్కడడిగితే అక్కడికి పొమ్మన్నారు, అక్కడడిగితే ఇక్కడికి. రికార్డు దొరక్కపోతే, లేదని ప్రభుత్వమే రాసివ్వాలి. దానితోపాటు అదే జైల్లో ఉండి, కనీసం ఏడాది జైలు రుజువైన సమరయోధులు ఇద్దరు సాక్ష్యమివ్వాలి. ఆ సాక్షి ఎమ్మెల్యేనో ఎంపీనో అయితే ఒక్కడు చాలట! మన కూలివాళ్లతో జైల్లో ఉన్నవాళ్లు ఎంతమంది ఎమ్మెల్యేలయ్యారో మీరే చెప్పండి.

అసలు ముడి వేరే ఉంది. కనీసం ఆరు నెలల జైలు ఉండాలి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. ఆయన జైలుకు పోయినప్పుడు మాదిగవాడ మనిషి. బాప్తిస్మం ఆ తర్వాత. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ పత్రం రాదు. కాబట్టి నాలుగు నెలలు చాలవన్నారు. జైలుకు పోయిన రోజున ఆయన ఎవరో చూడాలా, చనిపోయిన రోజున ఎవరో చూడాలా? దరఖాస్తులో ఈ మాటే రాశాం. ఆలస్యమైందని తోసెయ్యకూడదన్న 1993 నాటి ముకుంద్ లాల్ భండారీ తీర్పు, క్రిమినల్ కేసులో అడిగినట్టు రుజువులు అడగకూడదన్న 2001 నాటి గుర్దయాల్ సింగ్ తీర్పు కూడా జతచేశాం.

తండ్రి పేరు పోకూడదని సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలబడితే జవాబు దొరికింది. అవ్వ ఆఫీసు వరండాలో ఎన్నిసార్లు నిలబడిందో! ఆమె బతికుండగా జవాబు రాలేదు.

మీ ట్రంకు పెట్టెల్లో జైలు కాయితాలు గానీ, పట్టాళం డిశ్చార్జి పుస్తకాలు గానీ ఉంటే వచ్చే కూటానికి తీసుకురండి. జైలులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు ఉంటే, రెండూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ రాయించాలి. పాస్టర్లకు ఒక మనవి: చర్చి రిజిస్టరులో ఆ పేజీ నకలు మీద సంతకం చేసి ఇవ్వండి. దానికి కానుక అడగకండి.