తోట ఒకరిది, అప్పు ఒకరిది
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టప్రకారం వ్యాపారం చేసుకునేవాడికి బ్యాంకు తలుపు మూయవచ్చునా? మూయరాదని అమెరికా అధ్యక్షుడు 2025 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చారు. మన దేశంలో 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు సేవలు ఆపించింది. చట్టం నిషేధించని వ్యాపారం పట్ల అది మితిమీరిన చర్య అంటూ సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ సర్క్యులరును కొట్టివేసింది. ఆ కరెన్సీ ఏమిటో మనవడు రెండుసార్లు చెప్పినా నాకు బోధపడలేదు. కనుక మన నూజివీడు మామిడికి వస్తాను.

కౌలుదారు చేసేదీ చట్టబద్ధమైన పనే. 2011 చట్టం అతనికి రుణ అర్హత కార్డు ఇచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం పదకొండు నెలల సాగుదారు హక్కు పత్రం ఇచ్చింది. దానికి భూయజమాని సంతకం కావాలి. యజమాని హక్కుకు భంగం లేదని చట్టంలోనే ఉంది. అయినా 1956 కౌలుదారీ చట్టం నాటి భయం మనవాళ్లను వదలలేదు. నన్నూ వదలలేదు.

నాకు రెండెకరాల రసాల తోట ఉంది. తొమ్మిదేళ్లుగా ఒకతనే కౌలుకు చేస్తున్నాడు. మామిడికి దున్నకం, మందుల ఖర్చు పూతకు ముందే మొదలవుతుంది; డబ్బు చేతికొచ్చేది ఎండాకాలంలో. అతను ఫారం తెస్తే, అడంగళ్లు రాసిన ఈ చేత్తోనే పక్కన పెట్టి, "తర్వాత చూద్దాంలే" అన్నాను. అతను ఊరుకోక బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు కంప్యూటరు చూసి, ఆ సర్వే నంబరు మీద పంట రుణం ఇదివరకే ఉందన్నాడట.

ఆ అప్పు నాది. మేడ మీద గది వేయడానికి తీసుకున్నాను. ఏడు శాతం వడ్డీ, గడువులో కడితే నాలుగు. చెట్టుకు మందు కొట్టేవాడేమో షావుకారు దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. పైగా కాయ అతని మండీకే, అతను చెప్పిన ధరకే.

"తప్పు బ్యాంకుది కాదు, బాబాయిగారూ," అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా తాకట్టు అక్కరలేదు. కానీ ఒకే భూమి మీద ఇద్దరికి పంట రుణం ఎవరిస్తారు?

మొన్న నా బాకీ తీర్చి సంతకం పెట్టాను. బ్యాంకు అడిగినదాంట్లో సగమే ఇచ్చింది. మిగతా సగానికి మళ్లీ షావుకారే.

మనలో తోటలు కౌలుకిచ్చినవారు చాలామంది ఉన్నారు. ఫారం నింపడం కష్టమనిపిస్తే నా దగ్గరకు తీసుకురండి. ముప్పై అయిదేళ్లు చేసింది ఆ పనే.